పాయింట్ లోబోస్‌ని ఇద్దరూ ఒక్క రోజులో తృప్తిగా చూసి రావడం ఎలా?

శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉండే మన జంటలు చాలామంది శనివారం కారెక్కితే సెవెంటీన్ మైల్ డ్రైవ్, కార్మెల్, బిక్స్‌బీ వంతెన, బిగ్ సర్ అన్నీ ఒకే రోజులో చుట్టేయాలని చూస్తారు. సాయంత్రానికి ఫోన్ నిండా ఫొటోలు ఉంటాయి గానీ రోజంతా కార్లోనే గడిచిపోతుంది. ఈసారి ఆ లిస్టు పక్కన పెట్టండి. కార్మెల్ దాటాక హైవే వన్ మీద మూడు మైళ్ళ దూరంలో ఉన్న పాయింట్ లోబోస్ స్టేట్ రిజర్వ్‌లోనే రోజంతా ఉండండి. కాలిఫోర్నియా తీరంలో నాకు ఇంతకన్నా ఇష్టమైన చోటు లేదు.

ఏ నెలలో?

జూన్ నుంచి ఆగస్టు దాకా ఈ తీరాన్ని పొగమంచు తరచూ కమ్మేస్తుంది. శాన్ హోసేలో చెమటలు కారుతున్నా ఇక్కడ జాకెట్ లేనిదే నిలబడలేం. ఎండ కావాలంటే సెప్టెంబరు, అక్టోబరు మంచివి. డిసెంబరు, జనవరిలో గ్రే వేల్స్ అనే తిమింగలాలు దక్షిణంగా మెక్సికో వైపు వెళ్తూ కనిపిస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో సీల్ పిల్లలు పుడతాయి. ఇద్దరికీ ఒకే రోజు సెలవు దొరికితే వారం మధ్యలో వెళ్ళండి. రద్దీ బాగా తగ్గుతుంది.

ముందు రోజు రాత్రి

పార్కు అధికారిక వెబ్‌సైట్‌లో ఏ దారులు మూసి ఉన్నాయో చూసుకోండి. మ్యాప్ ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకోండి, లోపల సిగ్నల్‌ని నమ్ముకోలేం. ఆటు, అంటే సముద్రం వెనక్కి తగ్గేది, ఎన్ని గంటలకో రాసి పెట్టుకోండి, మధ్యాహ్నం పనికొస్తుంది.

లోపల హోటళ్ళు లేవు. పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుంటే చల్లారినా బాగుంటుంది. మంచినీళ్ళు ఎక్కువే పట్టుకెళ్ళండి. ఒకదాని మీద ఒకటి వేసుకునే బట్టలు, పట్టు జారని బూట్లు, వీలైతే బైనాక్యులర్స్ సర్దుకోండి. కుక్కని ఇంట్లోనే వదిలి రావాలి, కార్లో ఉంచుతామన్నా రానివ్వరు. డ్రోన్ కూడా కుదరదు.

ఎనిమిదింటికల్లా గేటు దగ్గర

ఈ రోజు ఎలా గడుస్తుందో పార్కింగే తేలుస్తుంది. లోపల ఉన్న చోటు చాలా తక్కువ. శని, ఆదివారాల్లో పొద్దెక్కేసరికి నిండిపోయి, ఒక కారు బయటికొస్తేనే ఇంకోటి పంపిస్తారు. ఎనిమిదింటికి గేటు తీస్తారు కాబట్టి సనివేల్, ఫ్రీమాంట్ వైపు నుంచి వచ్చేవాళ్ళు ఆరింటికే బయల్దేరాలి. కారుకి 10 డాలర్లు తీసుకుంటారు. లోపలికెళ్ళాక సీ లయన్ పాయింట్ పార్కింగ్‌లో కారు పెట్టేసి, సాయంత్రం దాకా అక్కడి నుంచి కదపకండి. ఆ చోటు ఒకసారి వదిలితే మళ్ళీ దొరకడం కష్టం. భోజనం బ్యాగులో వేసుకుని నడవండి.

మొదట సైప్రస్ చెట్లు

సైప్రస్ గ్రోవ్ ట్రైల్ మైలు కూడా ఉండదు. మాంటెరీ సైప్రస్‌ని ఇప్పుడు ప్రపంచమంతా నాటుతున్నారు గానీ, సహజంగా పెరిగే తోపులు మాత్రం రెండే మిగిలాయి. ఒకటి ఇక్కడ, రెండోది పెబుల్ బీచ్ దగ్గర. గాలికి వంగి, రాతిని పట్టుకుని నిలబడ్డ కొమ్మల మీద నారింజ రంగు నూగు కనిపిస్తుంది. అది తెగులేమీ కాదు, ట్రెంటెపోలియా అనే ఒక రకం ఆల్గే. చెట్టుకి దానివల్ల హాని లేదు. దగ్గరికెళ్ళి చూడండి, ముట్టుకోవద్దు.

తర్వాత సీ లయన్ పాయింట్. సీ లయన్ల అరుపులు దూరం నుంచే వినిపిస్తుంటాయి. అక్కడ ఆగి, నీళ్ళ మీద తేలే కెల్ప్ నాచు గుంపుల్ని ఓపిగ్గా గమనించండి. గోధుమరంగు బుడిపెలు చాలా కనిపిస్తాయి, అవి నాచు కాయలే. ఒక బుడిపె పక్కనే రెండు పాదాలు పైకి లేచి ఉంటే మాత్రం అది సీ ఆటర్, సముద్రంలో ఉండే నీటికుక్క. వెల్లకిలా పడుకుని, పొట్ట మీద రాయి పెట్టుకుని గవ్వని దానికేసి టకటకా కొడుతుంటుంది. బొచ్చు కోసం వేటాడటంతో కాలిఫోర్నియాలో ఈ జాతి అంతరించిందనే అనుకున్నారు. 1938లో బిగ్ సర్ తీరంలో ఒక చిన్న గుంపు కనిపించింది. ఇప్పుడు మీరు చూసేవి ఆ గుంపు సంతతే. వాలంటీర్లు టెలిస్కోప్ పెట్టుకుని నిలబడి ఉంటే మొహమాటపడకుండా అడగండి, సంతోషంగా చూపిస్తారు.

మధ్యాహ్నం దక్షిణం వైపు

సౌత్ షోర్ ట్రైల్ మీద మైలు దూరం నడవాలి. దారిలో వెస్టన్ బీచ్ వస్తుంది. ఆటు సమయమైతే రాతి గుంటల్లో పీతలు, పూలలా కనిపించే సీ అనెమొనీ అనే జీవులు కనిపిస్తాయి. గవ్వ గానీ గులకరాయి గానీ ఏదీ తీసుకోకూడదు. బర్డ్ ఐలండ్ పార్కింగ్ దగ్గర బల్లల మీద భోంచేయండి, కొన్ని చోట్ల తప్ప ఇక్కడ పిక్నిక్ చేయనివ్వరు. తిన్నాక చైనా కోవ్ అనే చిన్న అఖాతం. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు ఆ నీళ్ళ పచ్చదనం చూసి తీరాలి. పైనుంచి చూడటమే బాగుంటుంది, సీళ్ళకి కూడా మన అలికిడి తగలదు.

జాగ్రత్తలు

సముద్రం వైపు వీపు పెట్టి సెల్ఫీ తీసుకోకండి. ప్రశాంతంగా ఉన్న నీళ్ళలోంచి ఉన్నట్టుండి పెద్ద అల లేచి రాళ్ళ మీది మనుషుల్ని లాక్కుపోతుంది. పక్కనే ఉన్న మొనాస్టరీ బీచ్‌లో ఒడ్డు ఒక్కసారిగా లోతైపోతుంది, చాలామంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. అక్కడ పాదాలు తడుపుకోవడానికి కూడా దిగొద్దు.

దారుల పక్కన పాయిజన్ ఓక్ విపరీతం, తగిలితే ఒళ్ళంతా దురద, దద్దుర్లు. మూడేసి ఆకులు గుత్తిగా ఉంటాయి, ఎండాకాలం చివర్లో ఎర్రబడతాయి. ఇది మామిడి, జీడిమామిడి కుటుంబానికి చెందిన మొక్కే. మీ ఇద్దరిలో ఎవరికైనా మామిడి సొన పడకపోతే మరింత జాగ్రత్తగా ఉండాలి. దారి దిగకుండా నడిస్తే టెన్షన్ లేదు.

వెనక్కి వచ్చేటప్పుడు

ఓపిక ఉంటే గేటు వైపున్న వేలర్స్ కోవ్‌లో ఆగండి. 1850లలో చైనా జాలర్లు కట్టుకున్న చెక్క ఇల్లు ఇప్పుడు చిన్న మ్యూజియం. ఆ నేల కింద ఆసరాగా తిమింగలం వెన్నెముక ఎముకలు పెట్టారు, వంగి చూడండి.

ఆదివారమైతే సాయంత్రం 156 హైవే మీద కాస్ట్రోవిల్ దాటాక రోడ్డు ఇరుకై కార్లు బారులు తీరతాయి. నాలుగింటికల్లా బయల్దేరండి, లేదా మాంటెరీలో తీరిగ్గా తినేసి చీకటి పడ్డాక కదలండి.