పదేళ్ల తర్వాత ఫొటోలో చూసినా నవ్వు రాని బట్టలు ఎంచుకోవడం ఎలా?

మా పెళ్లి ఆల్బమ్ బయటికి తీసినప్పుడల్లా పిల్లలు ఒకే పేజీ దగ్గర ఆగి పడీపడీ నవ్వుతారు. ఆ ఫొటోలో నేను కట్టుకున్న చీర జోలికి ఎవరూ పోరు. మామిడిపిందెల బుటాలున్న లేత గోధుమరంగు వెంకటగిరి చీర అది, మొన్న రొట్టెల పండక్కి కూడా అదే కట్టుకెళ్లాను. నవ్వంతా నా జాకెట్టు చేతుల మీద. భుజాల దగ్గర బూరెల్లా పొంగిన బుట్టచేతులు! పక్కన మా ఆయన, నడుం చుట్టూ కుచ్చిళ్లు పోసిన ప్యాంటుతో. ఈమధ్య అవే బుట్టచేతులు మళ్లీ వచ్చాయి, మా అమ్మాయే కుట్టించుకుంది. అయినా నన్ను చూసి నవ్వడం మాత్రం మానలేదు.

నా పద్ధతంతా ఆ ఫొటోలోనే ఉంది. డబ్బు ఎక్కువ పెట్టే బట్టలో ఫ్యాషన్ ఉండకూడదు. మూడు నాలుగు వందలతో మార్చుకోగలిగే దాంట్లో దాన్ని ఎంతైనా ఉంచుకోవచ్చు. చీర ఉంటుంది, జాకెట్టు మారుతుంది. మగవాళ్లకైనా, చుడీదార్లు వేసుకునే పిల్లలకైనా లెక్క ఇదే.

1. షాపుకు వెళ్లే ముందు ఇస్త్రీ మూట చూడండి

బీరువా తెరిచి చూస్తే ఏమీ తెలియదు, అన్నీ మనవే అనిపిస్తాయి. రెండు నెలలపాటు ఇస్త్రీకి పోయే మూటలో ఏమేం ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. నేను రాస్తే తేలిందేమిటంటే, నలభై చీరల్లో తిరిగి తిరిగి పోయేవి తొమ్మిది. ఆ తొమ్మిదిలో ఏడు నూలువి, అన్నీ సన్న అంచువే. షాపులో మాత్రం నా చెయ్యి ఎప్పుడూ పెద్ద అంచు మీదికే పోతుంది! ఆ కాగితం పర్సులో పెట్టుకుని వెళ్లినప్పటి నుంచి కొనుగోళ్లు సగానికి తగ్గాయి.

లెక్క వేసుకోవడం కూడా తేలికే. 400 రూపాయల టాప్ పది ఉతుకులకు వదులైపోతే ఒక్కోసారికి 40 పడినట్టు. 2,400 పెట్టిన నూలు చీర 120 సార్లు కడితే కట్టిన ప్రతిసారికీ 20. ఏది చవకో మీరే చెప్పండి.

2. ముందు గుడ్డ, తర్వాతే రంగు

మేలో నెల్లూరు ఎండ, పైన సముద్రపు జిడ్డుగాలి. ఒంగోలు నుంచి కావలి, గూడూరు దాకా ఇదే కథ. చెమట పీల్చుకోని బట్ట ఎంత బాగున్నా రెండోసారి వేసుకోబుద్ధి కాదు. వేసుకోని బట్టకి పాతబడే అవకాశం కూడా ఉండదు, మడతల్లోనే పోతుంది. అందుకే రోజువారీకి నూలు, ఖద్దరు. పండగలకి పట్టు. పాలియెస్టర్ వానాకాలం ప్రయాణాలకు ఒకటో రెండో చాలు.

నూలు బట్ట కొనేటప్పుడు కౌంట్ అడగండి. ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే అది అన్నో కౌంటు. 100 కౌంట్ అంటే అర కిలో కూడా లేని నూలు 84,000 గజాలు సాగుతుందన్నమాట, సుమారు 77 కిలోమీటర్లు. నెల్లూరులో కొస పట్టుకుంటే కావలి దాటిపోతుంది. కౌంట్ పెరిగేకొద్దీ పోగు సన్నం, బట్ట మెత్తన. చీరకు సన్న నూలు బాగుంటుంది. రోజూ ఉతికే చొక్కాకి, కుర్తాకి మరీ సన్న నూలు వద్దు, కాస్త మందమే నిలబడుతుంది.

పట్టు విషయంలో నాకు దెబ్బ తగిలింది. ఓ పెద్ద షాపులో 'ప్యూర్ పట్టు' అని ఇచ్చిన చీర ఇంటికి తెచ్చి, కొంగు కుచ్చుల్లోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించాను. కరిగి ముద్దయింది, చల్లారాక నల్లపూసలా గట్టిపడింది. అది పాలియెస్టర్ లక్షణం. అసలు పట్టు కాలితే వెంట్రుకలు కాలిన కమురు వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. నూలయితే కాగితం కాలిన వాసన. వాపసు తీసుకోమంటే "కట్ చేసినవి తీసుకోమండీ" అన్నారు, ఫాల్ కుట్టేసి ఉంది మరి. ఈ పరీక్ష కొనకముందు చెయ్యనివ్వరు కాబట్టి, సిల్క్ మార్క్ లేబుల్ అడగండి. కేంద్ర పట్టు మండలి తరఫున 2004 నుంచి ఉంది అది. చేనేతకయితే 2006 నుంచి హ్యాండ్‌లూమ్ మార్క్ ఉంది. లేబుల్ లేనంత మాత్రాన నకిలీ అని కాదు. ఉంటే మాత్రం మనకి పట్టు దొరుకుతుంది (ఈ పట్టు వేరే పట్టు).

3. మనకు దగ్గర్లో ఉన్నదాంతో మొదలుపెట్టండి

కాలం చెల్లని బట్ట కోసం పత్రికలు తిరగెయ్యక్కర్లేదు. కోవూరు పక్కనే పాటూరు ఉంది, మగ్గం చప్పుడు వింటూ చీర కొనుక్కోవచ్చు. వెంకటగిరి 2022లో తిరుపతి జిల్లాలోకి, చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్లాయిగానీ, మా ఇళ్లలో అవి ఇప్పటికీ 'మన చీరలే'. జిల్లా గీత మగ్గానికి ఏం తెలుసు!

వెంకటగిరి సంస్థానం ఏలిన వెలుగోటి వారి ఆదరణలో పెరిగిన నేత ఇది. సన్నటి నూలు, సాదా ఒళ్లు, సన్న జరీ అంచు, కొంగు మీద చిలకో హంసో మామిడిపిందో. జాందానీ పద్ధతిలో బుటా వేస్తే, ఒక్కో బుటాకీ విడిగా పోగు ఎక్కించి చేత్తో నేస్తారు. అందుకే చీర తిరగేసినా బుటా ఇంచుమించు అలాగే కనిపిస్తుంది, వెనక దారాలు వేలాడవు. షాపులో తిరగేసి చూడండి. వెనక వైపు బుటాకీ బుటాకీ మధ్య దారాలు సాగి ఉన్నా, వాటిని కత్తిరించిన కొసలు గుచ్చుకుంటున్నా అది వేరే నేత. అంచు చివర వరుసగా సన్నటి సూదిబెజ్జాలు కనిపిస్తే భయపడకండి. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా బిగించి పెట్టిన గుర్తు అది, చేతిమగ్గం మీద మామూలే.

ఏ రంగు? ఒకటి గంజిరంగు లేదా గోధుమరంగు, ఒకటి ముదురు నీలం లేదా మెరూన్, ఒకటి మీకు మాత్రమే నప్పే రంగు. మూడోది ఎవరూ చెప్పలేరు, చీర భుజం మీద వేసినప్పుడు ముఖం తేటగా ఉందా, వాడినట్టుందా అని పక్కనున్న చెల్లినో వదిననో అడగాలి. సేల్స్ అబ్బాయిని అడక్కండి. రెండు మూడు అంగుళాల అంచు ఎప్పుడూ పాతబడదు. జానెడు అంచు ఒక కాలంలో వస్తుంది, ఒక కాలంలో పోతుంది. ఏ ఏడాది కొన్నారో అంచు చూసే చెప్పెయ్యొచ్చు.

చుడీదార్ల వాళ్లకి: మోకాలి దగ్గర ఆగే సాదా నూలు కుర్తాలు రెండు, ఒక తెల్ల దుపట్టా, ఒక జరీ అంచు దుపట్టా. ప్యాంటు తీరు ఏడాదికోసారి మారుతుంది, చవకవి కొనండి.

మగవాళ్లది ఇంకా తేలిక. తెల్ల చొక్కా, లేత నీలం చొక్కా, ముదురు నీలం ప్యాంటు, సన్న జరీ అంచు పంచె, తోలు చెప్పులు, ఒక ఖద్దరు చొక్కా. గాంధీగారు 1921లో పెన్న ఒడ్డున పల్లిపాడులో సత్యాగ్రహ ఆశ్రమం ప్రారంభించిన రోజుల నాటి ఖద్దరు చొక్కాకీ, ఇప్పుడు మీరు కొనే దానికీ పెద్ద తేడా ఉండదు. నూరేళ్లు దాటింది, ఇంతకంటే పరీక్ష ఏం కావాలి? ప్యాంటు మరీ కాళ్లకు అతుక్కున్నదీ వద్దు, మరీ గోనెసంచిలా ఊగేదీ వద్దు. రెండూ ఫొటోల్లో దొరికిపోతాయి.

4. గుమ్మం దాకా తీసుకెళ్లి చూడండి

పెద్దబజారులోగానీ ట్రంకురోడ్డులోగానీ షాపుల్లో లైట్లు పెళ్లిమంటపంలా వెలుగుతుంటాయి. ఆ వెలుగులో ఇటుకరంగు కూడా కుంకుమలా కనిపిస్తుంది. మొహమాటపడకుండా గుమ్మం దాకా తీసుకెళ్లి పగటి వెలుతురులో చూడండి. తడి జేబురుమాలు బట్ట మూల మీద గట్టిగా రుద్దండి, రంగు అంటితే వదిలెయ్యండి. ఆషాఢం తగ్గింపుల్లో ముఖ్యంగా మిగిలిపోయిన ఫ్యాషన్ సరుకే కుప్పపోస్తారు. నేను ఆషాఢంలో లంగాలు, జాకెట్టు గుడ్డలు, లైనింగులు మాత్రం కొంటాను.

5. లోపలి వైపు చూడండి

కుట్టిన బట్ట అయితే లోపలి వైపు తిప్పండి. అంగుళంలో ఎన్ని కుట్లు ఉన్నాయో లెక్కపెట్టండి. బొటనవేలి పైకణుపు దాదాపు అంగుళమే. చొక్కాలో 12కి తగ్గితే అది త్వరగా విచ్చుకుంటుంది. గళ్ల చొక్కా అయితే జేబు మీద గళ్లు ఒంటి మీది గళ్లతో కలవాలి, కలపడానికి గుడ్డ ఎక్కువ పడుతుంది కాబట్టి చవక కంపెనీలు కలపవు. చివరగా ముఖ్యమైనది, పక్క కుట్టు దగ్గర లోపల ఎంత గుడ్డ వదిలారో చూడండి. రెడీమేడ్‌లో చాలాసార్లు అర సెంటీమీటరు దగ్గరే కత్తిరించి ఓవర్‌లాక్ చేసేస్తారు. రెండు కిలోలు పెరిగారంటే ఆ బట్ట అయిపోయినట్టే.

6. మంచి టైలర్‌ని పట్టుకోండి

మా స్టోన్‌హౌస్‌పేట వైపు పాతికేళ్లుగా కుడుతున్న ఒక భాయ్ ఉన్నాడు. ఒకసారి రెడీమేడ్ కుర్తా వదులు చెయ్యమని తీసుకెళితే తిప్పి చూసి, "లోపల గుడ్డ ఉంటేనే కదక్కా నేను విప్పేది, ఇందులో ఏం విప్పమంటావ్?" అన్నాడు. అప్పటినుంచి కుట్టించేటప్పుడే చెబుతున్నాను, రెండు పక్కలా అంగుళం చొప్పున వదలమని, జాకెట్టు చేతుల్లో కూడా. నూలు గుడ్డ, దాని లైనింగు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఆ తర్వాతే టైలరుకిస్తాను. లేకపోతే మొదటి ఉతుకులో గుడ్డ ఒకలా, లైనింగు ఒకలా ముడుచుకుని జాకెట్టు ముడతలు పడుతుంది.

కాలరు తిరగెయ్యడం అనేది ఇప్పటి పిల్లలకి తెలియదేమో. మా నాన్న తెల్లచొక్కాలకు మెడ రాసుకునే చోట మడత మీద నూలు పీచుపీచుగా లేచేది. చొక్కా మిగతాదంతా కొత్తలాగే ఉండేది. టైలరు ఆ కాలరును పట్టీ దగ్గర జాగ్రత్తగా విప్పి, తలకిందులు కాకుండా లోపలి ముఖం పైకి వచ్చేలా తిరగేసి మళ్లీ కుట్టేవాడు. చిరిగిన వైపు మడత కిందికి పోయేది. చొక్కాకి ఇంకో మూడేళ్లు. ఇప్పటికీ అడిగితే కుడతారు. కాలరు కొసలు నిలబెట్టే పుల్లలు దూర్చడానికి అడుగున సందులున్న చొక్కాకి మాత్రం ఈ పని కుదరదు, ఆ సందులు ఎదురుగా కనిపిస్తాయి. తెల్లచొక్కా సాదా కాలరుదే కొనమనేది అందుకే.

7. దాచుకోవడం

తెల్లబట్టలు బోరు నీళ్లతో పసుపెక్కుతాయి, ఆ నీళ్లలో ఇనుము ఉంటే మరీనూ. అలాంటి నీళ్లలో బ్లీచింగ్ పౌడర్ వేస్తే తుప్పు మరకలు ఇంకా పెరుగుతాయి. చివరి జాడింపుకైనా మంచినీళ్లు వాడండి. రంగు బట్ట తిరగేసి నీడలో ఆరెయ్యండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, తుపాన్లు. బీరువాలో బూజు పట్టేది అప్పుడే. ముసురు పట్టకముందే పట్టుచీరలు ఒక పూట నీడలో గాలికి వేసి, మడత మార్చి, ఉతికిన పాత పంచెలో చుట్టి పెట్టండి. మడత మార్చకుండా ఏళ్లు ఉంచితే జరీ ఆ గీత మీదే విరుగుతుంది. బరువు జరీ చీర హ్యాంగరుకి వేలాడదీయకండి. సెంటు కొట్టుకుంటే ఒంటికి కొట్టుకుని ఆరాక చీర కట్టుకోండి, జరీ మీద పడితే నల్లబడుతుంది. కలరా ఉండలు కూడా జరీకి తగలకుండా విడిగా మూటకట్టి మూల పెట్టండి. ఎండు వేపాకైతే ఇంకా నయం, కాకపోతే ఏడాదికి రెండుసార్లు మార్చాలి.

ఇదంతా చదివి ఈ సంక్రాంతికే మొదలుపెడదామనుకుంటే, గుడ్డ నానబెట్టి డిసెంబరు మొదటివారంలోనే టైలరుకి ఇచ్చెయ్యండి. క్రిస్మస్ దాటాక ఇస్తే మా భాయ్ అయితే "పండగ తర్వాత రా అక్కా" అంటాడు, తలెత్తి కూడా చూడడు.