నీటి మొక్కల గుర్తింపు – 4వ పాఠం: మునిగి పెరిగేవి

గత పాఠంలో తామరకూ కలువకూ తేడా ఆకును బట్టే చెప్పుకున్నాం: కాడ దాకా చీలిక ఉంటే కలువ, ఆకు నిండుగా గుండ్రంగా ఉంటే తామర. ఈసారి పని కాస్త కష్టం. నీటిలో పూర్తిగా మునిగి పెరిగే మొక్కలు గట్టు మీది నుంచి చూస్తే అన్నీ ఒకే పచ్చటి ముద్ద. నిలబడిన చోటి నుంచే పేరు చెప్పేసేవారిని నేనైతే నమ్మను.

ముందు ఎక్కడ వెతకాలో చెబుతాను. గుర్రపు డెక్క కప్పేసిన చెరువుకు వెళ్ళడం దండగ, అక్కడ అడుగుకు వెలుతురే చేరదు. వానలు తగ్గి నీరు తేరుకున్నాక, కార్తీకం నుంచి చూడటం మేలు. హైదరాబాద్ దగ్గరి అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు కాబట్టి అక్కడ ఏమీ పీకవద్దు. మిగతా చోట్ల కూడా గాలికి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తుంపులే మనకు సరిపోతాయి.

తుంపును తెల్లటి పళ్ళెంలో నీళ్ళు పోసి పరచండి. గాలిలో ముద్దకట్టిన ఆకులు నీటిలో విచ్చుకుంటాయి. రంగునూ పొడవునూ పట్టించుకోకండి. వెలుతురును బట్టి, లోతును బట్టి అవి మారిపోతాయి. చూడవలసింది కణుపు. అదీ కాడ మధ్యలోని కణుపు, ఎందుకంటే కొస దగ్గర ఆకులు ఒత్తుగా ఉండి లెక్క తప్పిస్తాయి.

ఒక్కో కణుపు చుట్టూ మూడు నుంచి ఎనిమిది దాకా సన్నటి ఆకులు, ప్రతి ఆకూ చీలిక లేకుండా ఒకే రేకుగా ఉంటే హైడ్రిల్లా అయ్యే అవకాశం ఎక్కువ. ఆకును కొస నుంచి మొదలు వైపు వేలితో నిమిరితే గరుకు తగులుతుంది. అంచున రంపపు పళ్ళుంటాయి, భూతద్దంలో చూస్తే మధ్య ఈనె అడుగున కూడా చిన్న ముళ్ళు కనిపించవచ్చు. బురదలో చిన్న దుంపలు దొరికితే అనుమానం మరింత తీరుతుంది.

ఆకే రెండుగా, మళ్ళీ రెండుగా చీలిపోతే అది సెరటోఫిల్లం. హైడ్రిల్లా ఆకు ఎన్నడూ అలా చీలదు. సెరటోఫిల్లానికి వేర్లే ఉండవని పుస్తకాలు చెబుతాయి, నిజమే. కానీ తెగి కొట్టుకొచ్చిన హైడ్రిల్లా తుంపుకూ వేర్లు కనిపించకపోవచ్చు. వేరు కనిపిస్తే సెరటోఫిల్లం కాదని తేల్చవచ్చు, కనిపించకపోతే ఏమీ తేలదు. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

నాజాస్ మరో చిక్కు. దాని ఆకులు కణుపుకు రెండేసి ఎదురెదురుగా ఉంటాయి, కానీ పక్క కణుపులు దగ్గరైతే వలయంలా భ్రమ కలుగుతుంది. ఆకు మొదలు వెడల్పై కాడను పట్టుకుని ఉందేమో చూడండి. తాకితే పుటుక్కున విరుగుతుంది కూడా. ఇక సన్నగా చీలిన ఆకుల మధ్య ఆవగింజంత సంచులు కనిపిస్తే అది యుట్రిక్యులేరియా, ఆ సంచులతో సూక్ష్మజీవులను పట్టి తింటుంది. నలిపితే ఘాటైన వాసన వచ్చి, చేతికి ఇసుకలా గరగరలాడేది కారా. అది మొక్క కాదు, శైవలం (ఆల్గే).

అక్వేరియం దుకాణంలో హైడ్రిల్లా పేరుతో ఎజీరియా అంటగట్టే ప్రమాదం ఉంది. అది దక్షిణ అమెరికాది. ఆకులు రెండు మూడు సెంటీమీటర్లు, కణుపుకు తరచుగా నాలుగు, అంచు వేలికి నున్నగా తగులుతుంది. మన హైడ్రిల్లా 1950లలో అక్వేరియం మొక్కగా అమెరికాలోని ఫ్లోరిడాకు వెళ్ళి అక్కడి చెరువులను ముంచెత్తింది. కాబట్టి దుకాణం సరుకును చెరువులో పారేయకండి.

ఈ వారం అభ్యాసం: దుకాణం నుంచి ఒక కట్ట తెచ్చి, ఐదు కాడల్లో మధ్య కణుపుల ఆకులు లెక్కపెట్టి రాసుకోండి. తర్వాత ప్రతి కాడనూ వేలితో పరీక్షించండి. లెక్కా వేలూ వేర్వేరు మాటలు చెబితే వేలినే నమ్మండి. వచ్చే పాఠంలో రిబ్బన్ ఆకుల వాలిస్నేరియా.