ఇన్వర్టర్ బ్యాటరీ మార్చేసే ముందు ఒకసారి మూత తీసి చూడండి

మన ఉత్తరాంధ్రలో ఇన్వర్టర్ బ్యాటరీకి అసలు పరీక్ష అక్టోబరులోనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఎవరికీ మర్చిపోయే తుఫాన్లు కావు. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకూలాయి. చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రాత్రి ఇన్వర్టర్ అరగంటకే కుయ్యిమని అరిచి ఆగిపోతే, మర్నాడు అందరూ అనే మాట ఒకటే: "బ్యాటరీ పోయింది, కొత్తది కొనాలి."

నిజంగా పోయినవీ ఉంటాయి. కానీ పోయాయనుకున్నవాటిలో చాలావరకు నీళ్లు లేకో, చార్జింగ్ సరిగ్గా అందకో నీరసించినవే. కాశీబుగ్గలో ఒక మెకానిక్ అయితే మూత తీసి చూడగానే తేల్చేస్తాడు: "బేటరీ పోనేదు బాబూ, దాహంతో సస్తంది."

ఇక్కడ చెప్పేదంతా ఎక్కువ ఇళ్లలో ఉండే 12 వోల్టుల, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే కొలత) ట్యూబులర్ బ్యాటరీ గురించి. దీన్నే డీప్ సైకిల్ రకం అంటారు. కారు బ్యాటరీ ఇంజిన్ స్టార్ట్ చేయడానికి ఒక్క క్షణం గట్టిగా కరెంటిచ్చి ఊరుకుంటుంది. ఇది కొద్దికొద్దిగా గంటల తరబడి ఇస్తుంది. కారవాన్లలో లైట్లకు, ఫ్యాన్లకు పెట్టే బ్యాటరీలూ ఈ జాతివే. నీళ్లు పోయనవసరం లేని సీల్డ్ బ్యాటరీ, లిథియం బ్యాటరీ ఉన్నవాళ్లు నీళ్లు పోయడం, యాసిడ్ చూడడం వదిలేసి 'తుప్పు' దగ్గరికి వెళ్లిపోవచ్చు.

నీళ్లు

బ్యాటరీ పైన ఆరు మూతలుంటాయి, ఒక్కో సెల్‌కి ఒకటి. ప్రతి మూతలోంచి చిన్న ఫ్లోట్ పుల్ల పైకి కనిపిస్తుంది. అది ఎర్ర గీత దగ్గరికి దిగితే నీళ్లు తగ్గాయని, ఆకుపచ్చ గీత దగ్గరుంటే సరిపోయాయని అర్థం. మురికి పట్టి ఫ్లోట్ ఇరుక్కుపోతే ఎప్పుడూ నిండుగానే చూపిస్తుంది. అందుకే దాన్ని పూర్తిగా నమ్మకుండా అప్పుడప్పుడు మూత తీసి టార్చి వేసి చూడండి. లోపలి సీసం ప్లేట్లు నీళ్లలో మునిగి ఉండాలి.

పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే. బావి నీళ్లు, బోరు నీళ్లు వద్దేవద్దు. ఆర్‌ఓ ప్లాంటు టిన్ను నీళ్లు తాగడానికి బాగుంటాయి కానీ వాటిలోనూ లవణాలు మిగిలే ఉంటాయి. ఏసీ పైపులోంచి కారే నీళ్లు పట్టి పోసేవాళ్లున్నారు. ఆ నీళ్లు లోపలి రాగి, అల్యూమినియం మీదుగా దుమ్ముతో కలిసి వస్తాయి. బ్యాటరీ ఖరీదు ముందు డిస్టిల్డ్ వాటర్ క్యాన్ ఖరీదెంత? అక్కడ పొదుపు అనవసరం. యాసిడ్ మాత్రం ఎప్పుడూ కలపకండి. ఆవిరయ్యేది నీళ్లే, యాసిడ్ లోపలే ఉంటుంది.

బ్యాటరీ పూర్తిగా చార్జ్ అయ్యాక, ఇన్వర్టర్ ఆపి నీళ్లు పోయాలి. చార్జింగ్‌లో నీటి మట్టం కొంచెం పైకొస్తుంది. ఖాళీ బ్యాటరీలో ముందే నిండుగా పోస్తే తర్వాత యాసిడ్ పొంగి ట్రాలీ మీద పడుతుంది. ప్లేట్లు ఎండి బయటికి కనిపిస్తుంటే మాత్రం ఆగకండి. అవి మునిగేంత పోసి, చార్జ్ అయ్యాక మిగతాది పోయండి.

రెండు మూడు నెలలకోసారి చూసుకుంటే చాలు, ఎండాకాలంలో నెలకోసారి. నెలలో రెండుసార్లు పోయాల్సి వస్తోందంటే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు, ఇన్వర్టర్ అతిగా చార్జ్ చేస్తూ ఉండొచ్చు. వోల్టేజీ కొలిచే మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి, కరెంటు ఉన్నప్పుడు టెర్మినళ్ల (బ్యాటరీకి వైర్లు బిగించే కొనలు) దగ్గర చూడండి. 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే మామూలే. 15 దాటి అక్కడే ఉంటే ఇన్వర్టర్‌ని రిపేరుకివ్వాలి. చాలా ఇన్వర్టర్లకు వెనక బ్యాటరీ రకం ఎంచుకునే స్విచ్ ఉంటుంది. అది ట్యూబులర్ మీదే ఉందో లేదో కూడా చూడండి.

గ్రావిటీ చూడడం

గ్రావిటీ అంటే యాసిడ్ ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె. నా దృష్టిలో ఇన్వర్టర్ ఉన్న ప్రతి ఇంట్లో ఉండాల్సిన వస్తువు, దాన్ని కొలిచే హైడ్రోమీటర్. బ్యాటరీ షాపుల్లో చవగ్గానే దొరుకుతుంది. గాజు గొట్టం, పైన రబ్బరు బుడ్డి, లోపల తేలే చిన్న గాజు పుల్ల, అంతే. పూర్తి చార్జింగ్ తర్వాత ఒక్కో సెల్‌లోంచి యాసిడ్ పీల్చి, పుల్ల ఎక్కడ తేలుతోందో చదివి, యాసిడ్‌ని మళ్లీ అదే సెల్‌లో వదిలేయాలి. నీళ్లు పోసిన వెంటనే చూస్తే లెక్క తప్పుతుంది. కొన్ని గంటలు చార్జ్ అయి అంతా కలిశాక చూడండి.

ఆరు అంకెలూ కాగితం మీద రాసుకోండి. 1240, 1250 దగ్గరుంటే బ్యాటరీ దివ్యంగా ఉన్నట్టే. ఆరూ 1180 దగ్గర ఆగిపోతే చార్జింగ్ చాలలేదు. ఒక రోజంతా చార్జింగ్‌లో ఉంచి మళ్లీ చూడండి. ఐదు సెల్స్ 1240 చూపించి ఒకటి మాత్రం 1150 దగ్గరే మొండికేస్తే, ఎంత చార్జ్ చేసినా కదలకపోతే, ఆ సెల్ పోయింది. దానితో పాటు బ్యాటరీ కూడా పోయినట్టే. షాపతను మార్చమన్నప్పుడు ఈ కాగితం మీ చేతిలో ఉంటే మాట వేరేగా ఉంటుంది.

హైడ్రోమీటర్ లేకపోతే వోల్టేజీ చూడండి. చార్జింగ్ ఆపి, లోడు (ఇన్వర్టర్ మీద నడిచే ఫ్యాన్లు, లైట్లు) తీసి, నాలుగైదు గంటలు వదిలేశాక 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 11.8 అంటే దాదాపు ఖాళీ.

తుప్పు

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, అంటే బారువ, కళింగపట్నం, భోగాపురం వైపు, టెర్మినళ్ల మీద తెల్లగా, ఆకుపచ్చగా పొడి త్వరగా పడుతుంది. గోరువెచ్చని నీళ్లలో వంట సోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే బుసబుసమని పొంగి పోతుంది. రుద్దే ముందు ఇన్వర్టర్ ఆపి, ఆరు మూతలూ బిగించండి. సోడా నీళ్లు లోపలికి పోకూడదు. పొడిగా తుడిచి, నట్లు బిగించి, పైన వాజలిన్ రాయండి.

ఇంకో ముఖ్యమైన మాట. దసరాకి ఇన్వర్టర్‌కి బొట్టు పెట్టి బ్యాటరీ ముందే హారతి ఇస్తుంటారు. చార్జింగ్‌లో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, నిప్పు తగిలితే పేలుతుంది. బొట్టు పెట్టండి, దీపం, అగరొత్తులు దేవుడి గదిలో వెలిగించండి. మూతలు తీసి చూడ్డానికి ఆ రోజు మంచిదే, ఎలాగూ తుఫాన్లు వచ్చే కాలం.

తుఫాను హెచ్చరిక వచ్చాక

ముందుగా బ్యాటరీ నిండా చార్జ్ అయిందో లేదో చూసుకోండి. కింది అంతస్తులో నీళ్లొచ్చే ఇల్లయితే ట్రాలీని ఎత్తు మీదికి చేర్చండి. 150 ఏహెచ్ అంటే లెక్కకు 1800 వాట్-అవర్లు. నష్టాలు పోను చేతికొచ్చేది 1100 చిల్లర అనుకోండి. మామూలు ఫ్యాను 75 వాట్లు లాగితే, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం ఫ్యాను 30 వాట్ల దగ్గరే ఆగుతుంది. ఎవరూ పట్టించుకోనిదొకటుంది. ఏ లోడూ లేకపోయినా ఇన్వర్టర్ తనకోసం కొంత తింటుంది. అది 15 వాట్లనుకున్నా రోజుకి 360 వాట్-అవర్లు ఉత్తపుణ్యానికి పోతాయి. పగలు అవసరం లేనప్పుడు ఇన్వర్టర్ స్విచ్చే ఆపేయండి.

బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి రోజుల తరబడి అలా వదిలేయడం అన్నిటికన్నా చెడ్డది. ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతే తర్వాత చార్జ్ ఎక్కదు. ఊళ్లో జనరేటర్ ఎవరి దగ్గరైనా ఉంటే సెల్‌ఫోన్లతో పాటు దీన్నీ కొన్ని గంటలు చార్జ్ చేయించండి.

మార్చాల్సి వస్తే

కొత్తది కొనేటప్పుడు తయారీ తేదీ చూసి, కొన్ని నెలలుగా షాపులో పడి ఉన్నదైతే వద్దనండి. వారంటీ కార్డు మీద తేదీ, షాపు స్టాంపు అక్కడే వేయించండి. ఎన్ని నెలలు ఉచితంగా మారుస్తారో, ఎన్ని నెలలు వాడకాన్ని బట్టి తగ్గింపు ఇస్తారో విడివిడిగా అడగండి. రెండు బ్యాటరీల ఇన్వర్టరైతే రెండూ ఒకేసారి మార్చాలి. కొత్తదానికి పాతది జోడిస్తే కొత్తది కూడా పాడవుతుంది.

ఇక పని. ఉంగరాలు, గాజులు, మెళ్లో గొలుసు తీసేయండి. రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకోండి. ఇన్వర్టర్ స్విచ్ ఆపి, గోడ ప్లగ్ పీకండి. వైర్లు ఎలా ఉన్నాయో ఫోన్లో ఒక ఫొటో తీయండి. స్పానర్ పట్టుకునే చోట ఇన్సులేషన్ టేపు చుడితే పొరపాటున రెండు టెర్మినళ్లకూ తగిలి నిప్పురవ్వలు రావు.

ముందు నల్ల వైరు, అంటే మైనస్ విప్పాలి. తర్వాత ఎర్రది. బిగించేటప్పుడు దీనికి తిరగేసి: ముందు ఎర్రది, చివర నల్లది. ప్లస్, మైనస్ తారుమారైతే ఇన్వర్టర్ క్షణంలో కాలిపోవచ్చు. బ్యాటరీ మీదున్న గుర్తును రెండుసార్లు చూసుకోండి. ఎత్తడానికి ఇద్దరుండాలి. యాసిడ్‌తో 50 కిలోల పైనే ఉంటుంది, వంచితే కారుతుంది. యాసిడ్ ఒంటి మీద పడితే వెంటనే ధారగా నీళ్లు పోయండి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు కడిగి, నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

బిగించాక రాత్రంతా, పది పన్నెండు గంటలు చార్జ్ అవనివ్వండి. ఆ తర్వాతే లోడు వేయండి. మొదటి రోజు గ్రావిటీ అంకెలు బ్యాటరీ పక్కన గోడ మీద పెన్సిల్‌తో రాసి పెట్టుకుంటే, రెండేళ్ల తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తాయి.

పాత బ్యాటరీని బరువును బట్టి కొత్తదాని ధరలో తగ్గిస్తారు. లోపలి యాసిడ్‌ని కాలవలో పారబోసి, ఖాళీ డబ్బా ఇవ్వాలని చూడకండి. ఆ నీళ్లతో సీసం కూడా మట్టిలోకి, బావుల్లోకి చేరుతుంది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన బ్యాటరీల సేకరణ, రీసైక్లింగ్ బాధ్యత తయారీ కంపెనీలదే. కాబట్టి ఉన్నదున్నట్టు షాపులో అప్పగించి, రసీదులో పాత బ్యాటరీ తీసుకున్నట్టు, ఎంత తగ్గించారో రాయించుకోండి.