గ్లెన్ గూల్డ్ పియానోపై బాఖ్ ‘గోల్డ్‌బెర్గ్ వేరియేషన్లు’: వినడం ఎలా?

నెల్లూరు టౌన్‌హాలు కచేరీలు విని పెరిగినవారు జర్మన్ స్వరకర్త బాఖ్ కీబోర్డు సంగీతాన్ని తొలిసారి విన్నప్పుడు, అలవాటు కొద్దీ పైస్థాయిలో నడిచే బాణీ వెంట పోతారు. 1741లో అచ్చయిన ‘గోల్డ్‌బెర్గ్ వేరియేషన్ల’ విషయంలో ఆ దారి తప్పిస్తుంది. వేరియేషన్ అంటే ఒకే ఆధారాన్ని రకరకాలుగా మార్చి అల్లిన చిన్న రచన. మొదట వినిపించే ‘ఆరియా’ బాణీ తర్వాతి 30 వేరియేషన్లలో కనిపించదు. వాటన్నిటికీ ఆధారం ఆ బాణీ కింద ఎడమచేతిలో నడిచే మంద్రస్వరాల వరుస. వినడం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఫోన్ స్పీకరులో ఆ మంద్రస్వరాలు సరిగా వినిపించవు. రోహిణి కార్తెలో ఫ్యాను ఆపమని మన జిల్లాలో ఎవరికీ చెప్పలేం కాబట్టి, చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు పెట్టుకోవడం మేలు.

ఆరియా మూడేసి లెక్కల నడక. ప్రతి మూడింటిలో మొదటి లెక్కకు పడే మంద్రస్వరాన్ని మాత్రమే పట్టుకుంటే, మొదటి ఎనిమిది కలిసి స ని ద ప, గ మ ప స అవుతాయి. శంకరాభరణం తెలిసినవారికి ఇవి పరిచితమైన స్వరాలే. వీటిని పైకి పాడుకుంటూ ఆరియాను మళ్లీ వినాలి. తర్వాతి వేరియేషన్లలో ఈ స్వరాలు మధ్యమధ్య స్వరాలతో నిండిపోయి, ఒక్కోసారి దాదాపు మరుగున పడతాయి గాని, వరుస నోటికి వచ్చినవారు వాటిని వెతికి పట్టుకోగలరు.

ఆ తర్వాత మూడో వేరియేషన్‌కు వెళ్లాలి. గురువు ఆగకుండా గీతం పాడుతూ పోతుంటే శిష్యురాలు అదే గీతాన్ని ఒక ఆవర్తనం ఆలస్యంగా అందుకున్నట్లు, ఇక్కడ రెండో గొంతు మొదటి గొంతు స్వరాలనే వెనుక నుంచి పాడుతుంది. గొంతు అంటే ఇక్కడ వాద్యంపైనే విడిగా నడిచే ఒక స్వరాల వరుస. దీన్ని కానన్ అంటారు. 27వ వేరియేషన్ వరకు ప్రతి మూడోదీ కాననే. రెండు గొంతుల మధ్య స్వరాల అంతరం మాత్రం ఒక్కో స్వరం చొప్పున పెరుగుతూ పోతుంది. ఒకసారి ముందు గొంతును, మరోసారి వెనుక గొంతును అనుసరించి వినాలి. రెండూ ఒకేసారి పట్టుబడడానికి కొంత కాలం పడుతుంది.

బాఖ్ దీన్ని రెండు వరుసల మెట్లున్న హార్ప్సికార్డ్ అనే కీబోర్డు వాద్యం కోసం రాశాడు. అందులో తీగను మీటే ములికి ఉంటుంది కాబట్టి, వేలు గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ధ్వనిలో పెద్ద తేడా రాదు. పియానోలో సుత్తి తీగను కొడుతుంది. ఏ గొంతును ముందుకు తేవాలో వాయించేవారే నిర్ణయించవచ్చు. కెనడా పియానో విద్వాంసుడు గూల్డ్ ఆ వీలును వాడుకుంటూనే స్వరాలను పొడిగా, విడివిడిగా పలికిస్తాడు. అందుకే గొంతులు ఒకదానిలో ఒకటి కలిసిపోవు. వెనుక సన్నగా వినిపించే కూనిరాగం రికార్డింగు లోపం కాదు, ఆయనదే.

ఆయన దీన్ని స్టూడియోలో రెండుసార్లు రికార్డు చేశాడు. 1955 నాటిది సుమారు 38 నిమిషాలు. అందులో పునరావృత్తులు, అంటే ప్రతి భాగాన్నీ రెండోసారి వాయించడం, లేవు. 1981 నాటిది సుమారు 51 నిమిషాలు. కొన్నిటికి పునరావృత్తులు వాయించాడు, ఆరియాను బాగా నెమ్మదిగా నడిపాడు. ఎక్కువమంది 1955 దానితో మొదలుపెట్టమంటారు గాని, ఆ వేగానికి మురిసిపోయిన చెవి కింది స్వరాలను పట్టించుకోదు. నా మటుకు, కొత్తవారు 1981 దానితో మొదలుపెట్టి, మంద్రస్వరాలు నోటికి వచ్చాకే 1955 దానికి వెళ్లడం మంచిది.