ఇంటర్వెల్ ట్రైనింగ్‌కి మీ హార్ట్ రేట్ జోన్ మీరే లెక్కేసుకోండి

ట్రెడ్‌మిల్ మీద అతికించిన చార్ట్ చూసో, వాచ్‌లో మారే రంగులు చూసో చాలామంది ఇంటర్వెల్స్ (కాసేపు గట్టిగా, కాసేపు నెమ్మదిగా, మార్చి మార్చి చేసే వ్యాయామం) చేసేస్తుంటారు. ఆ చార్ట్‌కి మీ వయసు తప్ప ఇంకేమీ తెలియదు. మీ జోన్‌ని, అంటే వ్యాయామంలో పల్స్ ఉండాల్సిన హద్దుల్ని, సొంతంగా లెక్కేసుకోవడం పెద్ద పనేమీ కాదు.

ముందు గుండె కొట్టుకునే గరిష్ఠ వేగం, నిమిషానికి ఎన్నిసార్లని. 220లోంచి వయసు తీసేసే లెక్క అందరికీ తెలిసిందే, కానీ 2001లో తనాకా అనే పరిశోధకుడి బృందం ఇచ్చింది కాస్త నయం: వయసుని 0.7తో గుణించి, వచ్చినదాన్ని 208లోంచి తీసేయాలి. 40 ఏళ్ల వాళ్లకి రెండు లెక్కల్లోనూ 180 వస్తుంది, 60 ఏళ్లకి మాత్రం మొదటిది 160 అంటే ఇది 166 అంటుంది. ఏదైనా అంచనానే, పది అటూ ఇటూ ఉండటం మామూలు.

తర్వాత విశ్రాంతి పల్స్. పొద్దున మెలకువ రాగానే, మంచం దిగకముందే, కాఫీ సంగతి తర్వాత, మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి (బొటనవేలు వద్దు, దాని పల్స్ దానికుంటుంది) నిమిషం పాటు లెక్కపెట్టండి. నాలుగు రోజులు చూసి సగటు తీసుకోండి.

ఇక ఈ రెండు అంకెల తేడా నుంచి జోన్ వేసే కార్వోనెన్ పద్ధతి. గరిష్ఠం 180, విశ్రాంతి 65 అనుకుందాం. తేడా 115. గట్టిగా చేసే భాగానికి ఇందులో 80 నుంచి 90 శాతం తీసుకుని 65 కలపండి: 157 నుంచి 168. కోలుకునే భాగానికి 50 నుంచి 60 శాతం: 122 నుంచి 134. అదే విశ్రాంతి పల్స్ 50 ఉన్న మనిషికైతే గట్టిగా చేసే భాగం అంకెలు ఒకటి నుంచి మూడు వరకే తగ్గుతాయి గానీ, కోలుకునేవి 115–128కి దిగిపోతాయి. అసలు తేడా పడేది అక్కడే, జనం తొందరపడేదీ అక్కడే: పల్స్ ఇంకా దిగకుండానే మళ్లీ పరుగు అందుకుంటారు, మూడో రౌండ్‌కే కాళ్లు పట్టేస్తాయి.

ఈ అంకెలు బాగా పనికొచ్చేది పొడుగు ఇంటర్వెల్స్‌కి. నార్వే వాళ్ల 4×4 తీసుకోండి, పది నిమిషాల వార్మప్ తర్వాత నాలుగు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు నెమ్మదిగా, అలా నాలుగుసార్లు. మొదటి నిమిషంలోనే 160 కనపడాలని ఎగబడొద్దు, గుండె అందుకోవడానికి నిమిషం రెండు నిమిషాలు పడుతుంది, ఆ తర్వాత జోన్‌లో ఉంటే చాలు. 20, 30 సెకన్ల స్ప్రింట్లకైతే వాచ్ చూడటమే దండగ, అంకె పైకి వచ్చేసరికి మీరు ఆగిపోయి ఉంటారు. అప్పుడు ఆయాసమే కొలత: రెండు ముక్కలకి మించి మాట్లాడగలుగుతున్నారంటే ఇంకా గట్టిగా చేయొచ్చు.

మణికట్టు వాచ్‌లు వేగం మారినప్పుడు వెనకబడతాయి, ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ మేలు. ఎండాకాలంలో అదే స్పీడ్‌కి పల్స్ ఎక్కువ చూపిస్తుంది, అది సహజమే, స్పీడే తగ్గించుకోండి.

బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్లకి ఈ లెక్కలేవీ కుదరవు, ఆ మందులు పల్స్‌ని కిందికి లాగేస్తాయి. వాళ్లూ, గుండె జబ్బు, షుగర్ ఉన్నవాళ్లూ డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి. మధ్యలో ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం లాంటివి వస్తే అక్కడికక్కడే ఆపేయాలి.

కొన్ని వారాలు చేశాక, చివరి రౌండ్‌లో స్ట్రాప్ మీద మీ లెక్కలో వచ్చిన గరిష్ఠాన్ని (పై ఉదాహరణలో 180) దాటిన అంకె నిలకడగా కనిపిస్తుంటే, ఫార్ములాని పక్కన పెట్టి ఆ అంకెనే గరిష్ఠంగా తీసుకుని జోన్లు మళ్లీ వేసుకోండి.