లైనక్స్ వెబ్ సర్వర్‌ను దూరం నుంచి నడపాలంటే ఏ టూల్స్ ఎంచుకోవాలి?

వెబ్‌సైట్ చూడటానికి వచ్చేవాళ్లకు సర్వర్‌లో 80, 443 పోర్టులు (నెట్‌వర్క్ నుంచి లోపలికి వచ్చే, నంబర్లున్న ద్వారాలు) తెరిచి ఉంటే చాలు. దాన్ని నడిపే మీకు ఇంకొకటి కావాలి, 22. దూరం నుంచి సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి ఎస్‌ఎస్‌హెచ్ నడిచేది ఇందులోనే. కొత్త టూల్ ఏది పెట్టాలన్నా ముందు చూడాల్సింది ఇదే: ఈ మూడింటితో సరిపెట్టుకుంటుందా, లేక ఇంకో పోర్టు తెరవమంటుందా? తెరవమంటే కాస్త అనుమానించండి.

1. ముందు ఎస్‌ఎస్‌హెచ్ సంగతి చూడండి

దూరం నుంచి లాగిన్ అవ్వడానికి వాడిన పాత టెల్‌నెట్‌లో పాస్‌వర్డ్‌తో సహా అంతా బట్టబయలుగా నెట్‌వర్క్ మీద వెళ్లేది. అది కుదరదని 1995లో ఫిన్‌లాండ్‌లో తాతు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. ఇప్పుడు సర్వర్లలో ఎక్కువగా కనిపించేది దాని ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ రూపం. మీ వైపు నుంచి కనెక్ట్ అయ్యే ప్రోగ్రామ్ (క్లయింట్) కోసం ఎక్కడా వెతకనక్కర్లేదు. లైనక్స్‌లో, మ్యాక్‌లో అది ఎప్పటినుంచో ఉంది, విండోస్ 10లోనూ 2018 నుంచి వస్తోంది. పుటీ అనే విడి క్లయింట్ అలవాటైనవాళ్లు వాడుకోవచ్చు గానీ, కొత్తవాళ్లకు దానితో పనిలేదు.

మీ కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ కమాండ్‌తో ఈడీ25519 రకం కీ జత (పాస్‌వర్డ్ బదులు లాగిన్‌కు వాడే రెండు ఫైళ్లు) తయారు చేసి, దాన్ని కాపాడే పాస్‌ఫ్రేజ్ పెట్టండి. పబ్లిక్ కీ సర్వర్‌కు వెళ్తుంది. ప్రైవేట్ కీ మాత్రం మీ మెషిన్ దాటకూడదు. కీతో లాగిన్ అవుతోందని చూసుకున్నాక సర్వర్ సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్ లాగిన్‌నూ, నేరుగా రూట్ (పూర్తి అధికారాలున్న ఖాతా) లాగిన్‌నూ ఆపేయండి. రూట్ పనులకు, మామూలు ఖాతా నుంచే ఆ అధికారంతో కమాండ్ నడిపే సుడో ఉంది.

చాలామంది తమను తామే బయటికి నెట్టేసుకునేది ఇక్కడే. సెట్టింగ్ మార్చిన విండోను మూయకండి. ‘ఎస్‌ఎస్‌హెచ్‌డీ మైనస్ చిన్న టీ’ నడిపితే ఫైల్‌లో రాత తప్పులుంటే చెబుతుంది. తర్వాత సర్వీస్‌ను రీలోడ్ చేసి, రెండో విండోలో కొత్తగా లాగిన్ అవ్వండి. అవ్వలేదా, మొదటి విండో ఇంకా తెరిచే ఉంది కదా, అందులో సరిచేసుకోవచ్చు. ఇంకో చిక్కు: కొన్ని క్లౌడ్ సర్వర్లలో పక్క ఫోల్డర్‌లోని ఒక చిన్న ఫైల్ పాస్‌వర్డ్ లాగిన్‌ను ఆన్‌లోనే ఉంచుతుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ముందుగా చదివిన విలువనే పట్టించుకుంటుంది కాబట్టి మీరు కింద రాసింది లెక్కలోకి రాదు. ‘మైనస్ పెద్ద టీ’ పెడితే నిజంగా అమల్లో ఉన్న సెట్టింగ్స్ చూపిస్తుంది.

2. ఫైళ్లు పంపడానికి

మామూలు ఎఫ్‌టీపీ జోలికి వెళ్లొద్దు, దానిదీ టెల్‌నెట్ బాపతే. ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా ఫైళ్లు పంపే ఎస్‌ఎఫ్‌టీపీ ఆ 22 పోర్టులోనే నడుస్తుంది. ఫైళ్లు పంపే ప్రోగ్రామ్‌లు విన్‌ఎస్‌సీపీ, ఫైల్‌జిల్లా రెండింటిలోనూ అది ఉంది. సైట్ మొత్తాన్ని తరచూ పంపేవాళ్లకు ఆర్‌సింక్ మేలు, మారినవాటినే పంపుతుంది. డిలీట్ ఆప్షన్ వాడేముందు మాత్రం ఒకసారి డ్రై రన్ (ఏదీ మార్చకుండా ఉత్తుత్తిగా నడపడం) చేసి, ఏమేం పోతాయో కళ్లారా చూసుకోండి.

3. లింక్ తెగినా పని ఆగకుండా

అప్‌డేట్ నడుస్తుండగా నెట్ పోతే గొడవే. లాగిన్ అవ్వగానే టీమక్స్ తెరిచి అందులో పని చేసుకుంటే, మళ్లీ కనెక్ట్ అయ్యేసరికి అంతా వదిలిన చోటే నడుస్తుంటుంది. ప్రయాణాల్లో పనిచేసేవాళ్లకు, నెట్ తెగి మళ్లీ వచ్చినా లాగిన్‌ను నిలిపే మోష్ హాయిగా ఉంటుంది గానీ, అది మామూలుగా 60000 నుంచి 61000 వరకు యూడీపీ పోర్టులు అడుగుతుంది. టీమక్స్‌తో గడిచిపోతే అదే చాలు.

4. బ్రౌజర్ ప్యానెల్ కావాలా?

కమాండ్లంటే బెరుకైతే కాక్‌పిట్ చూడండి. సర్వీసులు, లాగ్‌లు, డిస్క్ పరిస్థితి అన్నీ బ్రౌజర్‌లోనే కనిపిస్తాయి. అది 9090 పోర్టులో ఉంటుంది. అలాంటిదే ఇంకో ప్యానెల్ వెబ్‌మిన్ 10000లో. రెండింటినీ ఫైర్‌వాల్‌లో (ఏ పోర్టు తెరవాలో నిర్ణయించే కాపలా) లోకానికి తెరవనక్కర్లేదు. ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ గుండానే వెళ్లే దారి (టన్నెల్)తో ఆ పోర్టును మీ కంప్యూటర్‌కు తెచ్చుకుని, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ (మీ కంప్యూటర్ సొంత) అడ్రస్‌లో తెరిస్తే సరి. డబ్బు కట్టి సీప్యానెల్ అనే ప్యానెల్ తీసుకోవడం ఇతరుల సైట్లను హోస్ట్ చేసేవాళ్లకు గిట్టుబాటు అవుతుంది, ఒక్క సైట్‌కు మాత్రం దండగ. అలాంటి ప్యానెల్ పెట్టాక కాన్ఫిగ్ ఫైళ్లను చేత్తో మార్చడం మానేయండి. మీరు రాసిందాన్ని అది ఎప్పుడో చెప్పకుండా తిరగరాస్తుంది.

5. సర్వర్లు పెరిగితే

రెండు మూడు సర్వర్లలో ఒకే పని పదేపదే చేస్తున్నారంటే ఆ పనిని అన్ని సర్వర్లలో తానే చేసిపెట్టే యాన్సిబుల్ నేర్చుకునే సమయం వచ్చినట్టే. సర్వర్లలో దానికోసం ఏజెంట్ (ఎప్పుడూ నడిచే విడి ప్రోగ్రామ్) ఏదీ పెట్టనక్కర్లేదు. ఎస్‌ఎస్‌హెచ్, పైథాన్ ఉంటే పని జరుగుతుంది. ప్లేబుక్‌లను (చేయాల్సిన పనులు రాసే ఫైళ్లు) మార్పుల చరిత్ర ఉంచే గిట్‌లో దాచుకోండి. వాటిలో పాస్‌వర్డ్‌లు ఉంటే ముందు యాన్సిబుల్ వాల్ట్‌తో ఎన్‌క్రిప్ట్ చేశాకే గిట్‌లోకి ఎక్కించండి (కమిట్).