బలహీనమైన చెయ్యి చేసిన పనికీ ఒక తేదీ వేయండి

కడుపులో ఉండగానో, పుట్టిన 28 రోజుల లోపో స్ట్రోక్ వచ్చిన పిల్లల్లో చాలామందికి ఒకవైపు చెయ్యి, కాలు బలహీనంగా ఉంటాయి. వాళ్లు ఎన్నో నెలలో ఏం చేయాలనే పట్టిక ముందేసుకుని కూర్చుంటే మిగిలేది టెన్షనే.

దానికి బదులు ఫోన్లో ఒక ఆల్బమ్ పెట్టుకోండి. నెలకోసారి ఒకే చోట కూర్చోబెట్టి, అదే బొమ్మ ఇచ్చి, అర నిమిషం వీడియో తీయండి. రోజూ చూసే కళ్లకు మార్పు ఆనదు. మా పాప పిడికిట్లోంచి బొటనవేలు బయటికొచ్చిందని మాకు తెలిసింది, మూడు నెలల కిందటి వీడియోతో పోల్చి చూసినప్పుడే. ఆ రోజు మా గోలకి పాప జడుసుకుంది కూడా!

మెచ్చుకునేటప్పుడు ఉత్త 'గుడ్' అనకండి. "మూత తిప్పుతుంటే ఎడమ చేత్తో డబ్బా కదలకుండా పట్టుకున్నావే!" అనండి. ఆ చెయ్యి సాయం చేయడమే పెద్ద మెట్టు. చుట్టాలొస్తే మాత్రం 'ఏదీ, మళ్లీ చెయ్యి' అని అడగొద్దు. కంగారు పడితే కండరాలు ఇంకా బిగుసుకుంటాయి.

ఫిజియోథెరపిస్టుకు ఆ వీడియోలు చూపించండి. క్లినిక్‌లో పిల్లలు మొండికేస్తారు కదా. ఇదివరకు చేయగలిగిన పని ఇప్పుడు చేయలేకపోతున్నట్టు అనిపించినా, ఏడాది నిండకుండానే ఒక్క చేతినే వాడుతున్నా, 'కుడిచేతివాటమో, ఎడమచేతివాటమోలే' అనుకోకుండా డాక్టర్‌కి చెప్పండి.